డికిన్సన్ ఉత్తరాల్లో 'కజిన్' ఎవరు, ఆ జబ్బులన్నీ ఎందుకు?

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తన కజిన్లు లూయీసా, ఫ్రాన్సిస్ నార్‌క్రాస్‌లకు రాసిన ఉత్తరాలను తెలుగు చేస్తున్నానని మీరు నాకు రాశారు. కజిన్ అన్న మాటను ఏమని తెలుగు చేయాలి, ప్రతి ఉత్తరంలోనూ ఎవరికో ఒకరికి జబ్బు ఎందుకు, ఆ పాత జబ్బుల పేర్లను ఏం చేయాలి అని అడిగారు. నేను కవిత్వం మనిషిని కాను. న్యూ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి చరిత్ర సంఘంలో పద్దెనిమిదేళ్ళుగా పాత కుటుంబ ఉత్తరాలకు నకళ్ళు రాసిపెడుతున్నాను, జీతం లేని కొలువు. కాబట్టి కవిత్వం సంగతి మీకే వదిలి, ఉత్తరాల సంగతి చెబుతాను.

ముందు వరస. ఇంగ్లీషువాళ్ళు కజిన్ అనేసి ఊరుకుంటారు, మనకు అలా కుదరదు. మేనమామ కూతురు వేరు, పిన్ని కూతురు వేరు. పెద్దా చిన్నా తెలియకపోతే పిలుపే రాదు. నార్‌క్రాస్ అమ్మాయిల తల్లి లవీనియా, ఎమిలీ తల్లికి స్వయానా చెల్లెలు. అంటే వీళ్ళు పిన్ని కూతుళ్ళు. ఎమిలీ 1830లో పుట్టింది, లూయీసా 1842లో, ఫ్రాన్సిస్ 1847లో. చెల్లెళ్ళన్నమాట, అందులో తర్జనభర్జన లేదు. 'లిటిల్ కజిన్స్' అని ఆమె పిలిచిన చోట 'చిన్న కజిన్లు' అని రాయకండి, 'చిట్టి చెల్లెళ్ళూ' అనండి. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎమిలీ సొంత చెల్లెలి పేరు కూడా లవీనియానే, ఇంట్లో విన్నీ అనేవారు. ఒక ఉత్తరంలో చెల్లెలు అంటే విన్నీయా, నార్‌క్రాస్ పిల్లా అని పాఠకుడు తికమక పడకుండా పేర్లు వాడుకుంటూ పోవాలి.

అన్ని కుటుంబాల్లోనూ ఇంత తేలిగ్గా తేలదు. ఒకసారి ఒక ఉత్తరాల కట్టను తెలుగు మిత్రులకు పరిచయం చేస్తూ, అందులోని కజిన్‌ను 'బావ' అని రాసేశాను. చనువుగా, వేళాకోళంగా ఉన్నాయి కదా, బావే అయి ఉంటాడనుకున్నాను. తర్వాత చర్చి రిజిస్టరు తిరగేస్తే పెదనాన్న కొడుకని తేలింది, మన లెక్కలో అన్న. తప్పు దిద్దుకుందామని ఇంకో పది పేజీలు తిప్పితే వాళ్ళిద్దరికీ పెళ్ళయినట్టు రాసి ఉంది. ఏం దిద్దాలో తోచక ఆ వ్యాసాన్ని అలాగే వదిలేశాను. నార్‌క్రాస్ ఇంట్లోనూ ఇదే కథ. పిన్ని లవీనియా పుట్టింటి పేరూ నార్‌క్రాసే, అత్తింటి పేరూ నార్‌క్రాసే. భర్త లోరింగ్ ఆమెకు దగ్గరి కజిన్. మన పెద్దవాళ్ళు వింటే చెవులు మూసుకునే సంబంధం. అప్పటికి మసాచుసెట్స్‌లో అది తప్పేమీ కాదు. కజిన్ల పెళ్ళిళ్ళను నిషేధించడం కాన్సస్‌తో 1858లో మొదలైంది.

ఇక జబ్బులు. ఈ ఉత్తరాలు చదివే మనవాళ్ళకు మొదట విసుగొస్తుంది, ఇదేమిటి, మూలుగుల పురాణంలా ఉందని. విసుగు పోవాలంటే మన ఇంట్లో పాత ఉత్తరాలు గుర్తు తెచ్చుకోవాలి. 'ఉభయ కుశలోపరి' అని మొదలుపెట్టేవారు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము అని. 19వ శతాబ్దపు అమెరికా పల్లె ఉత్తరం అక్షరాలా అదే మెట్టు మీద మొదలవుతుంది: 'మేమంతా ఆరోగ్యంగా ఉన్నామని తెలపడానికి కలం చేతబట్టాను, ఈ నాలుగు ముక్కలు అందేసరికి మీరూ అదే భాగ్యంతో ఉంటారని ఆశ.' వందల ఉత్తరాల్లో ఈ వాక్యం చూశాను. మన ఉత్తరాల్లోలాగే, ఆ కుశలం వాక్యం ఎంత సాఫీగా ఉంటే రెండో పేజీలో అంత పెద్ద పిడుగు ఉంటుంది. మన శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసినట్టు, వాళ్ళ చావు కబురుకు కాగితం అంచు నల్లగా ఉండేది. కవరు విప్పకముందే చేతులు వణికేవి.

దీని వెనక తపాలా లెక్క కూడా ఉంది. 1845కు ముందు 400 మైళ్ళు దాటిన ఉత్తరానికి ఒక్క కాగితానికి 25 సెంట్లు, రెండు కాగితాలైతే రెట్టింపు. చాలాసార్లు అందుకున్నవాళ్ళే కట్టాలి. అందుకే ఒకే కాగితం మీద ఇటు నుంచి రాసి, కాగితం తిప్పి అడ్డంగా మళ్ళీ రాసేవారు. అలాంటి ఉత్తరం చదవడమంటే బుట్ట అల్లిక విప్పడమే. 1845లో రేట్లు పడిపోయాయి, 1851 నుంచి ముందే డబ్బు కట్టిన మామూలు ఉత్తరం మూడు సెంట్లకు దేశంలో చాలా దూరం పోయేది. డికిన్సన్ రాసింది ఈ చవక కాలంలో. ఆమె ఊరు ఆమ్‌హర్స్ట్‌కు 1853లో రైలు కూడా వచ్చింది, దాన్ని తేవడానికి తిరిగినవాళ్ళలో వాళ్ళ నాన్న ఎడ్వర్డ్ ముందున్నాడు. అందువల్ల ఆమె ఉత్తరాల్లో జబ్బు ముగిసిన కథలా కాకుండా నడుస్తున్న కథలా వస్తుంది. పాత తరంవాళ్ళు మూడు నెలల జబ్బును ఒకే పేరాలో ముగించేవారు, రోగి లేచాడో పోయాడో కూడా అందులోనే.

అయినా అసలు కారణం డబ్బు కాదు. నా అనుభవంలో, జబ్బు కబురంటే పని కబురు. మధ్యతరగతి ఇళ్ళల్లో రోగిని ఆస్పత్రికి తీసుకెళ్ళేవారు కాదు, సేవంతా ఇంట్లోనే. ఎవరు రాత్రి మేలుకోవాలి, పిల్లలను ఎవరింటికి పంపాలి అన్న ఏర్పాట్లు ఉత్తరాల మీదే జరిగేవి. పెళ్ళికాని కజిన్ ఉంటే ఆమెకే పిలుపు వచ్చేది. రెండోది రక్తం. క్షయకు సూక్ష్మక్రిమి కారణమని జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోఖ్ చెప్పింది 1882లో. అంతవరకు అది వంశంలో ఉంటుందని, రక్తంలో దిగుతుందని నమ్మేవారు. పిన్ని దగ్గుతోందంటే ఆ కబురు పిన్ని గురించి మాత్రమే కాదు. నీ ఊపిరితిత్తుల గురించి, నీ పిల్లల గురించి కూడా. నార్‌క్రాస్ అమ్మాయిల తల్లి 1860 ఏప్రిల్‌లో క్షయతోనే పోయింది. మూడేళ్ళకు తండ్రి కూడా పోయాడు. ఆ తర్వాత ఈ చెల్లెళ్ళకు వచ్చే ప్రతి దగ్గు కబురులోనూ ఆ భయం ఉంటుంది, పైకి రాయకపోయినా.

మీ అనువాదానికి ముఖ్యం అనుకునే సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ అక్కాచెల్లెళ్ళ మధ్య మొహమాటం పోవడానికి ఒక ఘటన ఉంది. 1864 ఏప్రిల్‌లో ఎమిలీ కళ్ళ జబ్బుతో బోస్టన్ వచ్చింది. హెన్రీ విలియమ్స్ అనే కంటి వైద్యుడి దగ్గర చికిత్స. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, మళ్ళీ 1865లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, కేంబ్రిడ్జ్‌పోర్ట్‌లో భోజనం, బస ఇచ్చే ఒక ఇంట్లో ఈ చెల్లెళ్ళతోనే ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్లలు, ఒకరికి 22, ఇంకొకరికి పదహారో పదిహేడో. ఆ వేసవిలో వైద్యుడు ఎమిలీకి కలం పట్టవద్దని చెప్పాడు. ఇల్లు కదలని మనిషిని, రాయకుండా ఉండలేని మనిషిని, రాయవద్దన్న నెలల్లో దగ్గర నుంచి చూసింది వీళ్ళే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు వీళ్ళకు రాసిన ఉత్తరాల్లో ఆమె జబ్బును దాచదు, పెద్దది చేయదు. పెద్దమనుషులకు రాసే ఉత్తరాల్లో ఉండే అలంకారం ఇక్కడ తగ్గుతుంది. నా ఊహే అనుకోండి, కానీ కట్టల కొద్దీ చదివాక ఈ మాట ధైర్యంగా అంటాను: తల్లికి రాసే ఉత్తరంలో జబ్బు సగం, స్నేహితులకు రాసే ఉత్తరంలో జబ్బు అందం, కజిన్‌కు రాసే ఉత్తరంలో జబ్బు ఉన్నదున్నట్టు.

1874 ఉత్తరం తీసుకోండి. తండ్రి శాసనసభ పని మీద బోస్టన్ వెళ్ళాడు. ఇంట్లో రాత్రి భోజనం చేస్తున్నారు. అన్న ఆస్టిన్ చేతిలో తంతి పట్టుకుని వచ్చాడు. అతని ముఖం చూడగానే మునిగిపోయామని తెలిసింది, ఎలాగో తెలియలేదు. నాన్నకు బాగా జబ్బుగా ఉంది, తాను, విన్నీ బయలుదేరాలి అన్నాడు. అప్పటికే రైలు వెళ్ళిపోయింది. గుర్రాలను సిద్ధం చేస్తుండగానే పోయాడని రెండో కబురు వచ్చింది. ఇంతే. పెద్ద మాట ఒక్కటీ లేదు. ఈ ఉత్తరంలో ఆమె ఆ రోజును జూన్ 15 అంటుంది, తండ్రి పోయింది జూన్ 16న. ఒక రోజు తేడా. దిద్దకండి. దుఃఖంలో ఉన్న మనిషి తేదీ తప్పు రాస్తుంది, ఆ తప్పు కూడా ఉత్తరంలో భాగమే. సరిగ్గా మరుసటి సంవత్సరం జూన్ 15న తల్లికి పక్షవాతం వచ్చింది. ఏడేళ్ళు మంచం మీద ఉండి 1882 నవంబరులో పోయింది. ఆ ఏడేళ్ళ ఉత్తరాలను ఒక చోట పెట్టి చదవండి, మంచం పక్కన కూర్చున్నవాళ్ళ అలసట తెలుస్తుంది.

ఇప్పుడు 1884 ఉత్తరం, నాకు ఇష్టమైనది. ఎనిమిది శనివారాల కిందట మధ్యాహ్నం, పనిమనిషి మ్యాగీతో కలిసి కేకు చేస్తుండగా ఒక పెద్ద చీకటి వస్తూ కనిపించిందట. తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా ఏమీ తెలియలేదు. కళ్ళు తెరిస్తే ఆస్టిన్, విన్నీ, ముక్కూ మొహం తెలియని ఒక వైద్యుడు ముఖం మీదికి వంగి ఉన్నారు. చచ్చిపోతున్నాననో, అప్పటికే చచ్చిపోయాననో అనుకుందట. ఈ ఉత్తరానికి తేదీ ఎలా వేస్తారో చూడండి. ఆమె పడిపోయింది 1884 జూన్ 14న, అది శనివారం. ఎనిమిది వారాలు కలిపితే ఆగస్టు రెండో వారం. పాత ఉత్తరాల్లో తేదీ లేనప్పుడు జబ్బే క్యాలెండరు. ఫలానావాడి జ్వరం ఎన్నో రోజు, పురుడు జరిగి ఎన్ని వారాలు అన్న లెక్కతోనే మేము కట్టలు సర్దుతాము.

ఇక్కడ మీకు ఒక ఉచ్చు ఉంది. 'కళ్ళు బైర్లు కమ్మాయి' అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. వాడకండి. బైర్లు కమ్మడం కళ్ళకు జరిగేది. ఆమె చూసిన చీకటి బయటి నుంచి వస్తోంది, తలుపు తీసుకుని వచ్చే మనిషిలా. 'ఒక పెద్ద చీకటి వస్తూ కనిపించింది' అని మొండిగా రాయండి, అదే సరి. చేతికి పిండి అంటుకుని ఉండగా వచ్చిన చీకటి అది. ఆ వెంటనే ఇంకో మాట ఉంది. వైద్యుడు దీన్ని నరాలు పగ తీర్చుకోవడం అన్నాడట. మృత్యువు కాక వాటికి అన్యాయం చేసిందెవరు అని ఆమె అడుగుతుంది. అది చమత్కారం కాదు, లెక్క. అంతకు ముందు రెండేళ్ళలోపు తల్లి పోయింది, 1883 అక్టోబరు 5న ఎనిమిదేళ్ళ మేనల్లుడు గిబ్ టైఫాయిడ్‌తో పోయాడు, 1884 మార్చిలో ఆమె ప్రేమించిన జడ్జి ఓటిస్ లార్డ్ పోయాడు. చెల్లెళ్ళకు ఈ పేర్లన్నీ తెలుసు కనుక ఆమె చెప్పలేదు. తెలుగు పాఠకుడికి తెలియవు, కాబట్టి ముందుమాటలో చెప్పండి. ఉత్తరం మధ్యలో మాత్రం దూర్చవద్దు.

పాత జబ్బుల పేర్ల దగ్గర మనకు కొంత అదృష్టం ఉంది. ఇంగ్లీషువాళ్ళు మరిచిపోయిన ఊహలు తెలుగులో ఇంకా బతికే ఉన్నాయి. కన్సంప్షన్ అంటే మనిషి కరిగిపోవడం, మన క్షయ కూడా అదే. టీబీ అని రాస్తే 1860 కాస్తా 1960 అవుతుంది. బిలియస్ ఫీవర్‌కు పైత్యజ్వరం చక్కగా సరిపోతుంది, రెండు వైద్యాలూ పైత్యాన్నే తిట్టాయి. డ్రాప్సీకి నీరు పట్టడం. ఏగ్యూ అంటే చలిజ్వరం, రోజు విడిచి రోజు వణికించేది. ఇలినాయి, మిషిగన్ వైపు కొత్తగా స్థిరపడ్డవాళ్ళ ఉత్తరాల్లో అది జబ్బుల్లో లెక్కే కాదు, 'మాకెవరికీ జబ్బు లేదు, ఏగ్యూ మాత్రమే' అన్న ధోరణి. చిత్తడి నేలల చెడ్డగాలి వల్ల వస్తుందనుకునేవారు. అది దోమ పని అని తేల్చిన ముక్క దొరికింది మన సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద.

కొన్నింటికి మనకు మాటే లేదు. మిల్క్ సిక్‌నెస్ అలాంటిది. అడవిలో ఒక తెల్లపూల విషపు మొక్క తిన్న ఆవు పాలు తాగితే వచ్చేది. 1818లో ఇండియానాలో అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ దానితోనే పోయింది. అంతకు కొద్దిరోజుల ముందు అదే జబ్బుతో పోయిన ఆమె పిన్ని, బాబాయిల దగ్గర డెనిస్ హ్యాంక్స్ అనే కజిన్ పెరుగుతున్నాడు. వాళ్ళు పోయాక అతను లింకన్ల ఇంట్లోనే ఉండిపోయాడు. దీన్ని 'పాల విషజ్వరం' లాంటి కల్పిత పదంతో నింపడం కంటే 'పాల జబ్బు' అని వదిలి, కింద ఒక వాక్యం రాయడం మేలు.

ఎమిలీ మరణ పత్రంలో బ్రైట్స్ డిసీజ్ అని ఉంది. మూత్రపిండాల జబ్బు అని రాయవచ్చు, కానీ ఆ రోజుల్లో అది వాపులూ రక్తపు పోటూ కలిపి కట్టిన పెద్ద మూట. ఆమెకు నిజంగా మూత్రపిండాలే పోయాయా, రక్తపోటా అని వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటారు. మీరు ఆ వాదంలోకి దిగనవసరం లేదు.

ఇంకో జాగ్రత్త. మీరు చదువుతున్నవి అసలు ఉత్తరాలు కావు. 1894లో మేబెల్ లూమిస్ టాడ్ ఉత్తరాల సంపుటాలు వేస్తున్నప్పుడు నార్‌క్రాస్ అక్కచెల్లెళ్ళు అసలు ప్రతులను చేతికివ్వలేదు. తామే ఎంచుకుని, నకలు రాసి పంపారు. చాలావరకు అసలు కాగితాలు మనకు మిగలలేదు. కాబట్టి ఒక ఉత్తరం హఠాత్తుగా తెగినట్టు ఉంటే అది ఎమిలీ శైలి అని సంబరపడకండి, చెల్లెలి కత్తెర కావచ్చు. ఏ జబ్బు సంగతి లోకానికి తెలియకూడదని దాచారో మనం ఎన్నటికీ తెలుసుకోలేము. నాకు దీని మీద కోపం లేదు. మా అమ్మ పోయాక ఆమె పెట్టెలోని ఉత్తరాలు నేనే సర్దాను. అన్నీ దాచలేదు.

చివరగా, మీరు ప్రత్యేకంగా అడిగిన ఆ చిన్న ఉత్తరం. 1886 మే నెల, పోవడానికి కొద్ది రోజుల ముందు. పిలుపు, 'కాల్డ్ బ్యాక్' అన్న రెండు మాటలు, సంతకం. ఇంకేమీ లేదు. ఆమె సమాధి రాతి మీద కూడా ఆ రెండు మాటలే ఉన్నాయి, అందుకే అందరూ వాటిని భక్తిగా చదువుతారు. మీరూ 'దేవుడు తిరిగి పిలుచుకున్నాడు' అని రాశారు. కానీ ఏడాది ముందు, 1885 జనవరిలో, ఈ చెల్లెళ్ళకే రాసిన ఉత్తరంలో ఆమె హ్యూ కాన్వే నవల చదివిన సంగతి చెప్పింది, వెంటాడే కథ అని మెచ్చుకుంది. ఆ నవల పేరే 'కాల్డ్ బ్యాక్'. అంటే చావు కబురును ఆమె ముగ్గురికీ తెలిసిన ఒక నవల పేరుతో చెప్పింది. మే 15న పోయింది. ఆ మాటలో భక్తి ఉందో లేదో నేను చెప్పలేను, చెల్లెళ్ళతో చనువు మాత్రం ఉంది. అందుకే దేవుణ్ణి అందులోంచి తీసేయండి. ఎవరు పిలిచారో ఆమె రాయలేదు. నేనైతే ఇలా వదిలేస్తాను:

చిట్టి చెల్లెళ్ళూ,
వెనక్కి పిలిచారు.
ఎమిలీ